చేరాల్సిన చేతికి చేరని ఉత్తరాలు

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఆర్కైవుల్లో పన్ను లెక్కలూ తాఖీదులూ కాకుండా, చదివితే ఒళ్లు జలదరించే మనుషుల కథలు నిజంగా ఉంటాయా అన్నది ఒకటి. ఉన్నా, అవి ఎవరో అల్లి పెట్టినవి కావని ఎలా నమ్మాలి అన్నది రెండోది. పాత దస్త్రాలకు జాబితాలు రాసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఓపిగ్గా చదవండి.

ఉంటాయి. కావలసినన్ని ఉంటాయి. అయితే కథ కోసమని కట్ట విప్పితే కథ కనిపించదు. నేను ఏ కట్ట చేతికి తీసుకున్నా అందులో ఏముందో తర్వాత చూస్తాను, అసలు ఇది ఎందుకు మిగిలిందో ముందు చూస్తాను. కాగితం మిగలడం మామూలు సంగతి కాదు. పని తీరాక పొయ్యిలోకో, చెదలకో, చిత్తు బుట్టలోకో పోతుంది. చేరాల్సిన చేతికి చేరిన ఉత్తరాన్ని చదువుకుంటారు, మళ్లీ చదువుకుంటారు, కొన్నాళ్లు దాచుకుంటారు. ఆ మనిషి పోయాక ఇల్లు సర్దేటప్పుడు అది మాయమవుతుంది. దారిలో ఆగిపోయిన ఉత్తరానికి ఆ గతి పట్టదు. దాన్ని పారేసే హక్కు ఎవరికీ ఉండదు, చదవాల్సిన అవసరమూ ఎవరికీ ఉండదు. అలా ఒక మూల పడి ఉంటుంది. నాకు తెలిసిన గొప్ప కథల్లో చాలావరకు ఇలా ఆగిపోయిన కాగితాల్లోవే.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది గలాతే అనే ఫ్రెంచి యుద్ధనౌక కథ. 1758లో ఆ ఓడ బోర్డో రేవు నుంచి కెనడాలోని క్విబెక్‌కు బయల్దేరింది. అప్పుడు బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య సప్తవర్ష సంగ్రామం నడుస్తోంది. దారిలో ఎసెక్స్ అనే బ్రిటిష్ ఓడ దాన్ని పట్టుకుని పోర్ట్స్‌మత్‌కు తోలుకుపోయింది. నావికులు ఖైదీలయ్యారు, ఓడను అమ్మేశారు. ఫ్రాన్స్‌లో ఇళ్ల దగ్గర భార్యలు, తల్లులు, అన్నదమ్ములు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఫ్రెంచి తపాలా వాళ్లు ఆ ఉత్తరాలను ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ఓడ వెనకాలే పంపారు. ఉత్తరాలు వెళ్లేసరికి ఓడ వెళ్లిపోయి ఉండేది. చివరికి ఓడ పట్టుబడిందని తెలిసి, ఆ కట్టను ఇంగ్లండుకే పంపేశారు. అక్కడి అధికారులు ఒకటి రెండు విప్పి చూశారు. యుద్ధానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు, అన్నీ ఇంటి సంగతులే. పక్కన పెట్టేశారు.

అలా పక్కన పెట్టినవి లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరి, రెండు వందల అరవై ఏళ్లకు పైగా సీలు విప్పకుండానే ఉన్నాయి. రెనో మోరియో అనే కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు కుతూహలం కొద్దీ ఆ పెట్టె తెప్పించుకున్నారు. లోపల రిబ్బను కట్టిన మూడు కట్టలు, నూటికి పైగా ఉత్తరాలు. విప్పడానికి అనుమతి అడిగి తీసుకున్నారు. 2023లో ఆ వివరాలు ప్రచురించారు.

కాగితం ఖరీదు కాబట్టి అంచుల దాకా, ఖాళీ అన్నది లేకుండా రాసేశారు. కామాలు లేవు, చుక్కలు లేవు, స్పెల్లింగు ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లది. చాలామందికి చదువు రాదు, ఎవరిచేతో చెప్పి రాయించారు. మారీ దుబోస్క్ అనే ఆవిడ ఓడలో ఫస్ట్ లెఫ్టినెంట్‌గా ఉన్న భర్త లూయీకి రాసింది. రాత్రంతా నీకు రాస్తూ కూర్చోగలను, ఎప్పటికీ నీ నమ్మకమైన భార్యను, అర్ధరాత్రి అయినట్టుంది, ఇక పడుకుంటాను, అని ఆ ఉత్తరం సారాంశం. ఆయన ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఆ ఉత్తరం ఆయనకు చేరలేదు. మరుసటి ఏడాదే ఆమె ల హావ్ర్‌లో చనిపోయింది. దాదాపు ఖాయంగా అప్పటికి ఆయన ఇంకా విడుదల కాలేదు. ఆయన ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చి 1761లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

ఇంకో ఇంటి సంగతి చూడండి. నికొలా కెనెల్ అనే కుర్ర నావికుడు. వాళ్లమ్మ మార్గెరీత్‌కు 61 ఏళ్లు. 1758 జనవరిలో ఎవరిచేతో రాయించిన ఉత్తరంలో కొడుకు మీద నిష్ఠూరం అంతా ఇంతా కాదు. కొత్త సంవత్సరం తొలిరోజున నీకు కాబోయే పెళ్లానికి రాశావు గానీ తల్లికి రాయలేదు, నీకు నామీద ఉన్న ధ్యాస కన్నా నాకు నీమీద ఉన్న ధ్యాసే ఎక్కువ, మూడు వారాలుగా మంచాన ఉన్నాను, సమాధికి దగ్గరపడ్డాను, నీ క్షేమం మీ తోటివాడి భార్య చెబితే తప్ప నాకు తెలియడం లేదు. ఇదీ ధోరణి. కొన్ని వారాలకు కాబోయే కోడలు మరియాన్ రాసిన ఉత్తరం ఉంది. నీ ఉత్తరం అందాక మీ అమ్మ ముఖం తేటపడింది, నల్లమబ్బు తొలగిపోయింది అని. హమ్మయ్య అనుకుంటాం. మార్చి 7న తల్లి ఉత్తరం మళ్లీ వస్తుంది. ఈసారి కొత్త ఫిర్యాదు: నీ ఉత్తరాల్లో మీ నాన్న మాటే ఉండదు, నాకు చాలా బాధగా ఉంది, ఈసారి రాసినప్పుడు మరిచిపోకు.

ఇక్కడ ఆగితే ఇది ఒక గడుసు తల్లి కథ. మోరియో ఆగలేదు. చర్చి రికార్డుల వంటివి తిరగేసి ఆ కుటుంబ వివరాలు రాబట్టారు. నికొలా కన్నతండ్రి అంతకుముందే పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఉత్తరంలో ‘మీ నాన్న’ అన్న మనిషి మారుతండ్రి. ఆ ఒక్క ముక్క తెలిశాక ఉత్తరం మళ్లీ చదివితే అందులో ప్రతి మాట బరువూ మారిపోతుంది. కొడుకు ఆ పేరు ఎత్తకపోవడం మరుపు కాదేమో అనిపిస్తుంది. ఆ తల్లి రెండు వైపులా ఎంత నలిగిపోయిందో కళ్లకు కడుతుంది. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలకు చెప్పేది ఇదే: ఒక కాగితం ఎంత బాగున్నా ఒంటరిగా నమ్మకండి, దాని పక్కన ఇంకో రకం రికార్డు పెట్టి చదవండి.

నికొలా ఆ ఖైదు నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత, 1760లలో, బానిసలను అట్లాంటిక్ దాటించే ఓడలో పనికి కుదిరాడు. ఈ సంగతి చాలామంది ఈ కథ చెప్పేటప్పుడు వదిలేస్తారు. వదలకూడదని నా అభిప్రాయం. అమ్మ ఉత్తరం చదివి మనం ముచ్చటపడ్డ కుర్రవాడే ఆ ఓడ ఎక్కాడు. రికార్డు రెండూ చెప్పింది, మనమూ రెండూ చెప్పాలి.

ఇదే తరహాలో హేగ్ నగరంలో ఒక తోలు పెట్టె ఉంది. సిమోన్ ద బ్రియెన్ అనే పోస్ట్‌మాస్టరుదీ ఆయన భార్య మరీ జెర్మేన్‌దీ. అందులో 1689 నుంచి 1706 దాకా చేరని ఉత్తరాలు దాదాపు 2,600 ఉన్నాయి. సుమారు 600 ఉత్తరాలకు ఇప్పటికీ సీలు విప్పలేదు. ఎందుకు దాచారంటే, ఆ రోజుల్లో తపాలా ఖర్చు పంపినవాళ్లు కాదు, అందుకునేవాళ్లు ఇచ్చేవాళ్లు. మనిషి ఊళ్లో లేకపోయినా, చనిపోయినా, నాకొద్దు పొమ్మన్నా పోస్ట్‌మాస్టరుకు రావలసిన డబ్బు రాదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరైనా వచ్చి డబ్బిచ్చి తీసుకుంటారన్న ఆశతో పెట్టెలో వేసేవారు. ఆ పెట్టెకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరుకు అర్థం డబ్బుల ముంత.

అందులో ఒక ఉత్తరం హేగ్‌లోని ఒక సంపన్న వర్తకుడికి రాసినది. రాసింది ఒక స్త్రీ, తన స్నేహితురాలి తరఫున. ఆ స్నేహితురాలు అక్కడి ఒపేరాలో గాయని. ఊరు విడిచి పారిస్ వెళ్లిపోయింది. ఆమె దిగులుకు కారణం ఏమిటో మీరే ఊహించుకోగలరు అంటూ, ఆమె తిరిగి రావడానికి డబ్బు సాయం చేయమని అడుగుతుంది ఉత్తరం. గర్భవతి అన్న మాట ఎక్కడా నేరుగా రాయలేదు, కానీ చదివినవాళ్లకు అర్థమవుతుంది. పైన తపాలా వాళ్ల గుర్తు: తీసుకోవడానికి నిరాకరించారు. ఆ ఒక్క గుర్తుతో ఆ వర్తకుడి మనసు బయటపడిపోయింది. ఉత్తరం లోపల నాలుగు పుటలు చదివినా తెలియనిది పైభాగం మీద ఉంది. అందుకే నేను జాబితా రాసేటప్పుడు పైభాగాన్ని వదలను. ముద్రలు, తేదీలు, ఎవరి చేతివాటో తెలియని పెన్సిలు గీతలు, మడతలు, అన్నీ రాస్తాను.

విప్పని ఉత్తరాలను ఏం చేస్తున్నారంటారా? ఆ కాలంలో కవర్లు లేవు. రాసిన కాగితాన్నే చిత్రమైన మడతలు పెట్టి, దానికదే తాళమయ్యేలా మూసేవాళ్లు. విప్పితే ఆ మడత తాళం పాడవుతుంది. అందుకని పళ్లను స్కాన్ చేయడానికి తయారైన ఎక్స్‌రే యంత్రంతో మడతలున్న ఉత్తరాన్ని పొరలు పొరలుగా స్కాన్ తీసి, కంప్యూటర్‌లో విప్పారు. సిరాలో లోహం ఉంటుంది కాబట్టి అక్షరాలు తేలాయి. 2021లో ప్రకటించిన ఆ ఉత్తరం 1697 జూలై 31న జాక్ సెనాక్ అనే ఆయన తన వరస సోదరుడు పియెర్ లు పేర్స్‌కు రాసినది. డానియల్ లు పేర్స్ అనే బంధువు మరణ ధ్రువపత్రం నకలు పంపమని అడగడం తప్ప అందులో ఇంకేం విశేషం లేదు. ఇంతేనా అన్నారు కొందరు. నాకు మాత్రం అదే నచ్చింది. మూడు వందల ఏళ్ల కిందటి మనిషి కూడా ఒక ధ్రువపత్రం నకలు కోసం ఎదురు చూస్తూనే ఉన్నాడు.

దారిలో ఆగిపోవడం వల్ల కాక, పారేయకూడదన్న నియమం వల్ల మిగిలినవి కూడా ఉన్నాయి. కైరో పాత పట్టణమైన ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనాలయం ఉంది. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదని ఒక గదిలో పడేసేవారు. ఆ గదిని గెనీజా అంటారు. హీబ్రూ లిపిలో ఉన్నదేదైనా అందులో పడేది. ప్రార్థనలతో పాటు పద్దులు, పెళ్లి ఒప్పందాలు, పిల్లల రాత పలకల్లాంటి కాగితాలు కూడా చేరాయి. సోలొమన్ షెక్టర్ అనే పండితుడు 1896–97లో వాటిని కేంబ్రిడ్జ్‌కు తెచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలోనే ఇప్పుడు 1,93,000 దాకా ముక్కలున్నాయి.

ఆ కుప్పలో మన పడమటి తీరం కథ ఒకటి దొరికింది. అబ్రహాం బెన్ యిజు అనే వర్తకుడు 12వ శతాబ్దిలో చాలా ఏళ్లు మంగళూరులో ఉండి, యెమెన్‌లోని ఏడెన్ రేవుతో వ్యాపారం చేశాడు. అషు అనే దాసికి విముక్తినిస్తూ 1132లో మంగళూరులో రాయించిన పత్రం ఉంది. బొమ్మ అనే అతని దాసుడు యజమాని పనుల మీద ఏడెన్ దాకా వెళ్లి లావాదేవీలు చూసేవాడు. ఏడెన్ నుంచి రాసే స్నేహితులు ఉత్తరం చివర బొమ్మకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పేవారు. ఆ దాసుడి గురించి రాజుల చరిత్రల్లో ఒక్క వాక్యం ఉండదు. ఒక వ్యాపార ఉత్తరం చివర పెట్టిన నమస్కారంలో ఆ పేరు తొమ్మిది వందల ఏళ్లు నిలిచింది. ఇంకో ముచ్చట: ఏడెన్ మిత్రులు బెన్ యిజుకు సరుకులతో పాటు తెల్లకాగితాలు కానుకగా పంపేవారు. అతను వచ్చిన ఉత్తరాల వెనక, అంచుల్లో తన పద్దులు, కవిత్వం చిత్తుప్రతులు రాసుకున్నాడు. కాబట్టి కాగితం వెనకవైపు తిప్పి చూడడం మాలో ప్రతివాడికీ అలవాటు కావాలి.

కథ దొరక్కపోవడానికి అసలు కారణం చాలాసార్లు జాబితాయే. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో రహస్య లిపిలో ఉన్న కాగితాల కట్ట ఒకటి ఉండేది. 16వ శతాబ్ది తొలి సగపు ఇటలీ వ్యవహారాలు అని జాబితాలో రాసి ఉంది. ఆ మాట నమ్మి ఎవరూ దాని జోలికి పోలేదు. జార్జ్ లాస్రీ, నార్బర్ట్ బీర్‌మాన్, సతోషి తొమొకియో అనే ముగ్గురు ఆ లిపి విప్పే ప్రయత్నం చేశారు. భాష ఇటాలియన్ అనుకుంటే ఏమీ కుదరలేదు. ఫ్రెంచి అనుకుని చూస్తే మాటలు రావడం మొదలైంది. ఫ్రెంచిలో కొన్ని పదాలు రాసేది స్త్రీ అయితే ఒకలా, పురుషుడైతే ఒకలా ముగుస్తాయి. ఇక్కడ స్త్రీ రూపాలు వచ్చాయి. తర్వాత ‘నా స్వేచ్ఛ’ అని వచ్చింది. ‘నా కొడుకు’ అని వచ్చింది. అంటే రాసింది బందీగా ఉన్న ఒక తల్లి. ఆపైన వాల్సింగమ్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ గూఢచారి వ్యవస్థను నడిపిన మంత్రి ఆయన. ఇక సందేహం లేదు, రాసింది ఎలిజబెత్ చెరలో ఉన్న స్కాట్లండ్ రాణి మేరీ. 1578 నుంచి 1584 దాకా, ఎక్కువగా ఇంగ్లండులోని ఫ్రెంచి రాయబారి కాస్తెల్నోకు పంపిన 57 ఉత్తరాలు. వాటిలో 50 దాకా అంతకుముందు చరిత్రకారులకు తెలియనివి. 2023 ఫిబ్రవరి 8న, అంటే 1587లో ఆమె తల నరికిన తేదీ నాడే, ఆ పని బయటపెట్టారు.

వీళ్లు ఏ కొత్త నేలమాళిగా తవ్వలేదు. కాగితాలు ఎప్పటి నుంచో గ్రంథాలయంలోనే ఉన్నాయి. ఒక జాబితాలో ఒక పంక్తి తప్పుగా ఉంది, అంతే. నేను ఏ వివరం రాసేటప్పుడైనా ఈ కట్ట గుర్తుకొస్తుంది. ఖాయంగా తెలియనిది ఊహించి రాయడం కన్నా ‘భాష గుర్తించలేదు’ అని ఖాళీ పెట్టడం ఎంతో మేలు. ఖాళీని చూసి ఎవరో ఒకరు వెతుకుతారు, తప్పును చూసి వెనక్కి తిరుగుతారు.

ఇక మీ రెండో ప్రశ్న, నమ్మకం సంగతి. ఆర్కైవులో ఉంది కాబట్టి నిజమే అనుకోవద్దు. క్యూలోని ఆ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే 2005 తర్వాత జరిగిన విచారణలో 12 ఫైళ్లలో 29 దొంగ పత్రాలు దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపువని చెప్పి పెట్టినవి. నాజీ నాయకుడు హిమ్లర్ ఆత్మహత్య చేసుకోలేదు, బ్రిటిషు వాళ్లే చంపించారు అని చెప్పే కాగితాలు కూడా అందులో ఉన్నాయి. నిపుణులు పరీక్షిస్తే 1940ల నాటివన్న కాగితాల మీద కార్యాలయం పేరు లేజర్ ప్రింటర్‌తో అచ్చయి ఉంది. సంతకం కింద పెన్సిలుతో ముందుగా గీసుకున్న గీతలు కనిపించాయి. సాధారణంగా ఆర్కైవు దొంగలు కాగితం ఎత్తుకుపోతారు, ఇక్కడ తెచ్చి పెట్టారు. ఇది దొంగతనం కన్నా ఎక్కువ హాని అని నేను గట్టిగా నమ్ముతాను. పోయిన కాగితం ఒక్కటే పోతుంది. దొంగ కాగితం పక్కనున్న నిజమైన వాటి మీద కూడా అనుమానం రేపుతుంది.

మరి ఎలా పోల్చుకోవాలి? నా చేతికి తెలిసినవి చెబుతాను. ఏళ్ల తరబడి కట్టి ఉంచిన కట్ట విప్పితే, పై కాగితం మీద నాడా ఉన్న మేర లేతగా ఒక చార ఉంటుంది. దాని చుట్టూ దుమ్ము, వెలుతురు తగిలి రంగు మారి ఉంటుంది. లోపలి కాగితాలకు ఒకే చోట నాడా నొక్కు పడుతుంది. పురుగు తొలిచిన రంధ్రం ఒక కాగితం నుంచి కింది కాగితానికి వరసగా దిగుతుంది. మధ్యలో ఒక్క కాగితానికి మాత్రం ఆ రంధ్రం లేకపోతే, అది తర్వాత వచ్చి చేరినదన్నమాట. అది దొంగదే కానక్కర్లేదు, ఎవరో గుమాస్తా వేరే ఫైలు నుంచి తెచ్చి పెట్టి ఉండవచ్చు. కానీ అక్కడ ఆగాలి. దానికి జవాబు రాసిన కాగితం ఉందా? వచ్చిన ఉత్తరాల రిజిస్టరులో దాని నంబరు ఉందా? నిజమైన ఆఫీసు కాగితం ఎప్పుడూ ఒంటరిగా పుట్టదు. దానికి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. మరీ సంచలనంగా ఉండి, ఇంకెక్కడా ప్రస్తావన లేని ఒంటరి కాగితం కనిపిస్తే నేను సంతోషించడానికి తొందరపడను.

మీరు స్వయంగా చూడాలనుకుంటే ఒక మనవి. పెద్ద పేర్లతో, పెద్ద యుద్ధాలతో మొదలుపెట్టకండి. ఏదైనా ఆర్కైవు ఆన్‌లైన్ జాబితాలో ‘ఇతరములు’, ‘చిల్లర కాగితాలు’, ‘గుర్తించనివి’ అని ఉన్న చోట మొదలుపెట్టండి. కోర్టు ఫైళ్లలో సాక్ష్యంగా జప్తు చేసిన వస్తువులూ కాగితాలూ ఏమున్నాయో అడగండి. చదివే గదిలో సిబ్బంది పెన్సిలు మాత్రమే వాడమంటారు, కట్టలో వరస మార్చవద్దంటారు. విసుక్కోకండి. ఆ వరస కూడా సాక్ష్యమే.

ఆ జప్తు వస్తువుల గురించి ఒకటి చెప్పి ఆపేస్తాను. 1803లో బ్రిటిషు వాళ్లు పట్టుకున్న ఒక ఓడలో యాన్ తీర్లింక్ అనే డచ్చి వర్తకుడి కాగితాలు దొరికాయి. ఆయన ఆఫ్రికా దక్షిణ కొసన కేప్‌లో ఆగి వచ్చాడు. మిగతా జప్తు కాగితాలతో పాటు ఆయన తోలు పర్సు కూడా లండన్ టవర్‌కూ, అక్కడి నుంచి క్యూకూ చేరింది. రెండు శతాబ్దాల తర్వాత ఒక డచ్చి పరిశోధకుడు ఆ పెట్టె తెరిస్తే పర్సులో 40 చిన్న పొట్లాలు కనిపించాయి. పొట్లాల్లో 32 రకాల విత్తనాలు. కొన్నిటి మీద పేరు రాసి ఉంది. చలి, వేడి, తేమ, ఎన్నో గదులు దాటి వచ్చినవి అవి. విత్తనాల బ్యాంకు వాళ్లు కొన్ని తీసుకుని మొలకెత్తించి చూశారు. 2006లో మూడు జాతులు మొలిచాయి.